పడవలు కట్టే రాయి

జూన్ రెండో వారంలో, వరద తీశాక, ఆ ఏడాది మొదటిసారి డ్రోన్ ఎగరేశాను. అది మనిషి ఎత్తు దాటిందో లేదో, ఇసుకలో గుడ్లు పెట్టుకున్న నల్లతల పిట్టలు అయిదారు లేచి దాని మీద పడ్డాయి. ఏటా వాటికీ నాకూ ఈ గొడవ మామూలే. డ్రోన్‌ని తిన్నగా పైకి పంపేస్తే కాసేపు అరిచి ఊరుకుంటాయి.

"పొడవండే, ఇంకా గట్టిగా పొడవండి! మీరూ ఉట్టి అరుపులేనా?" అని వెనకనుంచి సమ్మొల్ మామయ్య పిట్టల్ని ఉసిగొల్పాడు.

"మామయ్యా, అది పడిపోతే నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. దోమల్ని పెంచడం కూడా ఒక ఉద్యోగమేనా? ఈ ఊళ్ళో దోమలు చాలవని యూనివర్సిటీ వాళ్ళు ఇంకోటి తెచ్చిపెట్టారు."

మామయ్య మా అమ్మకి తమ్ముడు. బోర్లించిన పడవ మీద కూర్చుని, కాఫీలో ఎండు మాంసం ముక్క నానబెట్టుకుంటున్నాడు. అతను వచ్చింది డ్రోన్ చూడ్డానికి కాదు. గట్టు మీద దుంగల ఇంట్లో ఉన్న వాళ్ళ పెద్దక్కతో, అంటే మా గాద్యా పెద్దమ్మతో, ఒక మాట తేల్చుకోవడానికి వచ్చాడు. పెద్దమ్మ మాత్రం తలుపు తెరిచి పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. సాల్మన్ పట్టకూడదని ఆంక్ష పెట్టి ఇన్నేళ్ళయినా ఆమె వల అల్లడం మానలేదు. మాటకి మాట దూరం నుంచే విసురుతోంది.

"ఒరేయ్ సమ్మొల్, ఎందుకొచ్చావో నాకు తెలుసు. కాఫీ తాగి పో."

"నువ్వు ఊఁ అంటే పోతాను."

"ఆ రాయి కదిలిన రోజు నేనూ కదుల్తాను. పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెప్పించకు."

మా స్కాల్జు నది ఇక్కడికి రెండు మలుపుల కింద టెనో అనే పెద్ద నదిలో కలుస్తుంది. ఏటా మే నెలలో మంచు పగిలి మూడు నాలుగు రోజులు గట్లని ఒరుసుకుంటూ పోతుంది, దాని వెనకే వరద వస్తుంది. వరద తీసేసరికి నది పాత చోట ఉండదు. ఇసుక తిన్నె ఒకటి మాయమై ఉంటుంది, లేని చోట కొత్తది లేచి ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతుంది, ఏటేటా ఎంత జరుగుతుంది అని తెలుసుకోవడానికి మా దేశానికి దక్షిణాన ఉన్న యూనివర్సిటీ నుంచి హిల్పా గారు రావడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఆమె ఎప్పుడూ ఇక్కడే ఉండలేరు కాబట్టి డ్రోన్ నాకు నేర్పారు. మా ఊరి బడిలో తొమ్మిది తరగతులు చదివాను. ఒకచోట కూర్చుని ఒకే వస్తువుని చాలాసేపు చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఈ పనికి అంతకంటే పెద్ద అర్హత అక్కర్లేదన్నారు హిల్పా గారు.

పని ఇలా ఉంటుంది. నలుపు తెలుపు గళ్ళు వేసిన పలకల్ని తిన్నెల మీదా గట్ల మీదా అక్కడక్కడ పరుస్తాను. ఉపగ్రహాలతో మాట్లాడే కొలత కర్ర ఒకటి ఉంది. దాన్ని ఒక్కో పలక మీద నిలబెడితే అది భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో వేలి మందం తేడాలో చెబుతుంది. తరవాత డ్రోన్ ఎగిరి ఆరేడు వందల ఫొటోలు తీస్తుంది. ఫొటోల్లో పలకలు ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో చూసుకుని, కంప్యూటర్ వాటన్నిటినీ ఒక పటంగా కుడుతుంది. దాన్ని నిరుటి పటం మీద పెడితే మట్టి పేరుకున్న చోటు నీలంగానూ కొట్టుకుపోయిన చోటు ఎర్రగానూ వస్తుంది.

దుంగల ఇంటి వైపు మాత్రం పలక పెట్టం. అక్కడ రాయి ఉంది.

నిలబడితే నా భుజాల దాకా వచ్చే నల్లరాయి అది. నీటి అంచున ఉంటుంది. దానికి మా ముత్తాతల కాలం నాటి ఇనప కడియం ఒకటి దిగ్గొట్టి ఉంది, పడవలు దానికే కడతాం. వరద ఎంత వచ్చిందని ఎవరైనా అడిగితే "రాయి నడుం దాకా" అనో, "మెడ దాకా" అనో చెబుతాం. మొదటి ఏడు హిల్పా గారు వచ్చి, "ఈ ఒడ్డున అసలు కదలనిది ఏదైనా ఉందా?" అని అడిగితే, నేనూ పెద్దమ్మా మామయ్యా ముగ్గురం ఒకేసారి "రాయి" అన్నాం. మేం ముగ్గురం ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు, అదే చివర. హిల్పా గారు దాని నెత్తిన తెల్లరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయించారు. ఆ రోజు కొలిచిన అంకె నా నోటు పుస్తకంలో ఉంది. ప్రతి ఏడూ పలకల్ని కొత్తగా కొలుస్తాను, రాయి అంకె మాత్రం పుస్తకంలోంచి దించేస్తాను. దాన్ని మళ్ళీ కొలవాలని నాకు తట్టలేదు. ఇక్కడ పుట్టిన ఎవరికీ తట్టదనుకుంటాను.

మామయ్య వచ్చిన పని ఇది. గట్టు కోసుకుపోతోందని అతని అనుమానం. ఇంటిని విప్పి పైమెట్ట మీద మళ్ళీ నిలబెట్టాలంటాడు. దుంగల్ని లాగడానికి మార్చిలో మంచు గట్టిపడినప్పుడే వీలవుతుంది. కానీ దుంగల సందుల్లో కూరే నాచుని ఈ వేసవిలోనే ఏరి ఆరబెట్టుకోవాలి. ఇంకో పది రోజుల్లో రెయిన్‌డీర్ దూడల చెవులకి గుర్తులు కొయ్యడానికి అతను మందతో కొండలెక్కితే ఆగస్టు దాకా దిగడు. అంటే పెద్దమ్మ జవాబు ఈ పది రోజుల్లో రావాలి.

"రాయికీ గట్టుకీ మధ్య నా చిన్నప్పుడు పది అడుగులు. ఇప్పుడూ పది అడుగులే. కావాలంటే లెక్కపెట్టుకో" అంది పెద్దమ్మ.

మామయ్య నిజంగానే లేచి వెళ్ళి లెక్కపెట్టాడు. పది అడుగులే వచ్చాయి. పదో అడుగు దగ్గర కాసేపు అలాగే నిలబడి, తిరిగొచ్చి, నా వైపు వంగి, "నీ దోమ ఏమంటుందో చూడు పిల్లా. అక్క నా మాట వినదు గానీ నీ కంప్యూటర్ మాట వింటుంది" అన్నాడు.

నాలుగు రోజులకి పటం తయారైంది. ఎదుటి ఒడ్డున పెద్ద ఎర్రమచ్చ, కింద మలుపులో కొత్త తిన్నె నీలంగా. దుంగల ఇంటి కింద గట్టంచు మాత్రం నిరుటి గీత మీదే ఉంది. ఫోన్‌లో ఆ ముక్క చూపించాను. పెద్దమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, వల కింద పెట్టి, ఇంట్లోకి వెళ్ళి నాకోసం జున్నుముక్క వేసిన కాఫీ తెచ్చింది. అది ఆమె ఎవరికీ ఊరికే ఇవ్వదు.

ఆ సాయంత్రమే మామయ్యకి ఫోన్ చేసింది. "నాచూ లేదు గీచూ లేదు. నువ్వు నీ దూడల దగ్గరికి పో. రావ్నా పటం చూపించింది, గట్టు వెంట్రుకవాసి కదల్లేదు."

"రావ్నా అందా?"

"అంది."

నేను అన్నాను. అది నిజం.

మర్నాడు పలకలు ఏరుకోవడానికి పడవలో వెళ్ళాను. దుంగల ఇంటి ఎదురుగా నీళ్ళలో పడవ ఆపి, గట్టుని చూస్తూ కూర్చున్నాను. గట్టు గోడకి కొత్త బొరియలు ఉన్నాయి. లెక్కపెడితే ఇరవై ఆరు. చిన్న గోధుమరంగు పిట్టలు వాటిలోంచి దూసుకొచ్చి, నీటి మీద దోమల్ని పట్టుకుని, మళ్ళీ దూరుతున్నాయి. నిరుడు ఈ గోడకి ఒక్క బొరియ లేదు. నిరుడు అవి ఎదుటి ఒడ్డున ఉండేవి.

ఈ పిట్టల సంగతి నాకు తెలుసు. పాత గట్టు జారి ఏటవాలుగా అయిపోతుంది, గడ్డి మొలుస్తుంది. అలాంటి చోట అవి గూడు పెట్టవు. నక్క ఎక్కిపోగలదు కదా. కత్తితో కోసినట్టు నిటారుగా ఉన్న కొత్త ఇసుక గోడ కావాలి వాటికి. పటమేమో ఇక్కడ ఏమీ తెగలేదంటోంది, పిట్టలేమో ఇక్కడ కొత్త గోడ ఉందంటున్నాయి.

ఇంటికి వచ్చి రెండేళ్ళ పటాలు ఒకదాని మీద ఒకటి వేశాను. ఈసారి రంగులు తీసేసి, ఉట్టి ఫొటోలు పెట్టాను. పై పటాన్ని అద్దంలా పలచన చేస్తే కిందది కనిపిస్తుంది. గట్టంచు గట్టంచు మీదే ఉంది. రాయి రాయి మీదే ఉంది. ఎలాగూ ఉంటుంది, రాయి అక్కడుందని చెప్పింది నేనే. మెల్లగా పైకి జరిపాను. పెద్దమ్మ ఇల్లు వచ్చింది.

రెండు ఇళ్ళున్నాయి.

నిరుటి ఇల్లు, దాని పక్కన నీడలాగా ఈ ఏటి ఇల్లు. రెండింటికీ ఒకే పొగగొట్టం, ఒకే వంకర రేకు. కొలిస్తే మీటరున్నర తేడా. పటం ప్రకారం పెద్దమ్మ ఇల్లు ఈ ఏడాది నది వైపు మీటరున్నర నడిచింది.

ముందు నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. ఇల్లు నడవలేదు. మరి ఎవరు నడిచారు?

కొలత కర్ర తీసుకుని మళ్ళీ పడవెక్కాను. పెద్దమ్మ గుమ్మంలో లేదు, ఆవిరిస్నానానికి కట్టెలు కొడుతున్న చప్పుడు ఇంటి వెనకనుంచి వస్తోంది. రాయి ఎక్కి తెల్ల గుర్తు మీద కర్ర నిలబెట్టి, అది నిటారుగా ఉందని చెప్పే బుడగ మధ్యకి వచ్చేదాకా ఊపిరి బిగపట్టాను. అంకె వచ్చింది. నోటు పుస్తకం తీసి పక్కన పెట్టుకుని చూశాను. కర్ర తప్పు చెబుతోందేమోనని దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ కొలిచాను. మూడుసార్లు కొలిచాను.

రాయి గట్టు వైపు ఒక మీటరూ నలభై ఎనిమిది సెంటీమీటర్లు జరిగింది.

మేలో వచ్చిన మంచు పలకలు దాన్ని నెట్టి ఉంటాయి. గట్టుని కూడా అవే కోసి ఉంటాయి. రాయీ గట్టూ ఒకే వైపు, ఇంచుమించు ఒకే దూరం జరిగాయి. రాయి కదల్లేదని నేను పటానికి చెప్పాను. అయితే గట్టూ కదల్లేదని అది నాకు చెప్పింది. పది అడుగులు పది అడుగులుగానే ఉన్నాయి.

హిల్పా గారికి ఫోన్ చేశాను. అంతా విని, "మీరు ముగ్గురూ ఒకేసారి 'రాయి' అన్నారు చూడు, ఆ నమ్మకం చూసి నేనూ రాసేసుకున్నాను. కదలనిదంటే కొండలో భాగమై ఉండాలి. విడిరాయి ఎంత పెద్దదైనా విడిరాయే. ఇది నేను అడగాల్సిన ప్రశ్న" అన్నారు. "సరైన అంకెతో మళ్ళీ కుట్టు. ఇంకోటి, రావ్నా... మొదటి ఏడు తీసిన ఫొటోల్లో ఆ రాయి వెనక వైపు ఏముందో చూశావా?"

చూడలేదు. అప్పుడు చూశాను.

మళ్ళీ కుట్టిన పటంలో దుంగల ఇంటి కింద ఎర్రటి చార సన్నగా, పొడుగ్గా వచ్చింది. గట్టంచు నుంచి గుమ్మం దాకా ఆరు మీటర్లు మిగిలింది. ఇలాంటి వరదలు ఇంకో నాలుగు వస్తే చాలు.

మామయ్య కొండలెక్కడానికి ఇంకా నాలుగు రోజులుంది. నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. ఒక్కదాన్నే పెద్దమ్మ ముందుకి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

"తప్పు చెప్పాను పెద్దమ్మా" అన్నాను, గుమ్మం ముందు నిలబడి. "గట్టు మీటరున్నర తెగింది. రాయి కూడా జరిగింది."

పెద్దమ్మ వల అల్లే చెక్కని ముడి మధ్యలో ఆపింది. "ఏ రాయి?"

"మన రాయే."

"నీ కర్ర విరగా! ఆ రాయి జరగడమేమిటే? మొన్న ఒకలా చెప్పావు, ఇవాళ ఇంకోలా చెబుతున్నావు. రేపు వచ్చి నది కొండెక్కిందంటావు. వీడు చెప్పించాడా నీచేత?"

"నాకేం పాపం తెలీదక్కా. నేను కాఫీకి వచ్చాను" అన్నాడు మామయ్య.

నాకు ఎక్కువ మాటలు రావు. టాబ్లెట్ తీసి మొదటి ఏటి ఫొటో ఒకటి ఆమె ఒళ్ళో పెట్టాను. నీళ్ళు బాగా తగ్గిన రోజు నిట్టనిలువుగా పైనుంచి తీసింది. మధ్యలో నల్లచుక్కలా రాయి. దాని వెనకనుంచి నది లోపలికి ఏటవాలుగా, ముదురు రంగులో ఒక చార. వెన్నలో వేలు పెట్టి లాగినట్టుంది. చార ఒక కొన లోతు నీళ్ళలో కలిసిపోయింది, రెండో కొన రాయి దగ్గర ఆగింది.

"ఇది పడవ గుంట కదూ?" అంది పెద్దమ్మ.

"అవును."

"పైనుంచి ఇలా ఉంటుందా! ఎంత తిన్నగా ఉందో చూడు. మా తాత తవ్వాడు దాన్ని, పడవలు పెట్టుకోవడానికి."

"తవ్వుతుంటే నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూస్తానే? నేను పుట్టకముందే."

"అమ్మ చూసిందా?" అన్నాడు మామయ్య. అతని గొంతులో వెటకారం లేదు. ముందుకి వంగి ఫొటోని చూస్తున్నాడు.

పెద్దమ్మ ఫొటో మీద వేలుంచి, రాయి నుంచి చార వెంబడి మెల్లగా లోపలికి లాగింది, మళ్ళీ రాయి దాకా వచ్చింది. ఆమె చేతిని చూస్తూ కూర్చున్నాను. వేలు రెండుసార్లు అలా వెళ్ళొచ్చింది.

"సమ్మొల్" అంది. "మన చిన్నప్పుడు గుంటలో ఎన్ని పడవలు పట్టేవిరా?"

"ఒకటి. నాన్నది. నీ పెళ్ళికి మీ అత్తవారి పడవ వస్తే చోటు లేక రాత్రంతా బయట ప్రవాహంలో కొట్టుకుంది. తాడు తెగుతుందని బావ నిద్రపోలేదు. నువ్వు అప్పుడే మొదలెట్టావు అతన్ని తిట్టడం."

"తాడు సరిగ్గా కట్టలేదు మరి." పెద్దమ్మ తల తిప్పి ఒడ్డు వైపు చూసింది. రాయి కడియానికి ఆమె పడవ కట్టి ఉంది. దాని వెనకే, ముక్కు దాని తోకకి ఆనించి, నా పడవ. రెండూ గుంటలో హాయిగా ఉన్నాయి. నా పడవ వెనక ఇంకా కాస్త చోటు కూడా ఉంది. "ఇప్పుడు రెండు పడుతున్నాయి."

"పడవలు చిన్నవయ్యాయనుకున్నాను నేను" అన్నాడు మామయ్య.

"నాది నాన్న పడవేరా, మొద్దూ. అడుగు చెక్కలు మార్చాను గానీ పొడుగు మార్చలేదు."

నది మీద పిట్టలు తిరుగుతున్నాయి.

"చేపలారేసే పందిరి కూడా" అన్నాడు మామయ్య నెమ్మదిగా. "రెండుసార్లు వెనక్కి వేశాం గుర్తుందా? కర్రలు పుచ్చిపోయాయని విప్పాం. కట్టేటప్పుడు ఏమో, ఇరుగ్గా ఉందని నాలుగడుగులు వెనక్కి కట్టాం. ఎందుకు ఇరుకైందో అడగలేదు."

"ఎవరూ అడగలేదు" అంది పెద్దమ్మ. కళ్ళద్దాలు తీసి శాలువా కొనకి తుడుచుకుంది. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. ఆమె మొహంలో కోపం లేదు. వల ముడిలో తప్పు ఎక్కడుందో దొరకనప్పుడు ఎలా చూస్తుందో అలా చూస్తోంది రాయిని.

"మా నాన్న దాన్ని చూసే వరద కొలిచేవాడు. నేనూ అంతే. అది మాత్రం మాకు చెప్పకుండా, ఆ గుంటని తనే దున్నుకుంటూ నడుస్తోంది. నేను పుట్టకముందు నుంచీ నడుస్తోంది." టాబ్లెట్ నాకిచ్చింది. "రాత్రి పడుకున్నప్పుడు నడిచినా వినపడేదే. మంచు చప్పుడులో కలిసిపోయిందన్నమాట."

"అక్కా, మరి..." అన్నాడు మామయ్య.

"ఏం మరి? ఆ రాయి కదిలిన రోజు నేనూ కదుల్తానన్నాను. నేను మాట తప్పానా ఎప్పుడైనా? లే, నాచు ఏరడానికి సంచులు అటక మీద ఉన్నాయి. ఎండుగడ్డి కలిపి తెచ్చావంటే చూడు, ఒక్కో పోగూ విడదీయించి ఏరిస్తాను."

మామయ్య కాఫీ గిన్నె అక్కడే వదిలేసి అటకెక్కాడు.

మూడు రోజులు ముగ్గురం చిత్తడినేలల్లో నాచు ఏరాం. ఎక్కడ కట్టాలో చూసుకోవడానికి పెద్దమ్మ నాచేత పైమెట్ట మీద డ్రోన్ రెండుసార్లు ఎగరేయించింది. మొదటి చోటు ఆమెకి నచ్చలేదు, నది కనపడదని. రెండో చోట పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ కొండ బయటికి వచ్చింది కదూ? ఇది విడిరాయి కాదు కదా? చూసుకునే చెప్పు, ఈసారి" అంది. హిల్పా గారు సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆ కొండ ముక్కలోనే బెజ్జం వేసి కొత్త గుర్తు మేకు దిగ్గొట్టారు. పెద్దమ్మ పక్కనే నిలబడి, "ఇంకో నూరేళ్ళకి దీన్నీ అడుగుదాంలే" అని ఆమెని ఏడిపించింది.

మార్చిలో, ఏది ఎక్కడిదో తెలిసేలా గొడ్డలితో దుంగ దుంగకీ గంట్లు పెట్టి, విప్పి, ఆరు మంచు బళ్ళతో పైకి లాగారు. పొగగొట్టం వంకర అలాగే ఉంచమంది పెద్దమ్మ.

మళ్ళీ మే వచ్చింది. మంచు పోయి, వరద తీశాక, పలకలు మూట కట్టుకుని పడవలో బయల్దేరబోతుంటే, పైమెట్ట మీంచి కేక వినిపించింది. పెద్దమ్మ కర్ర పట్టుకుని దిగుతోంది. మోకాళ్ళ నొప్పులకి అంత దూరం ఆమె దిగదు. నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ముందు దాని దగ్గరికే" అంది. "పలకలు తరవాత."

ఈసారి తెల్లరంగు సగం చెరిగిపోయింది. నేను పైకెక్కి కర్ర నిలబెట్టాను. పెద్దమ్మ కింద, ఇనప కడియం పట్టుకుని నిలబడింది.

"ఆగు, చెప్పకు. నేను చెబుతాను. నా చెప్పు పొడుగంత."

అంకె చూశాను. "ఎక్కువే పెద్దమ్మా. రెండు చెప్పులు."

"రెండా!" అని రాయి వీపు మీద అరచేత్తో ఒకటి చరిచింది, మందలోంచి తప్పించుకు తిరిగే జంతువుని పట్టుకున్నట్టు. "ఎక్కడికే నీ ప్రయాణం?"

నేను దిగాక నా జేబులోంచి రంగు డబ్బా తీసుకుని, మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచి, చెరిగిన గుర్తుని తనే దిద్దింది.